ఉద్యోగాల కోత మాట వినిపించగానే జట్టు ఎందుకు చీలిపోతుంది?

మూడోషిఫ్టు

మా విభాగాన్ని ఇంకో విభాగంతో కలుపుతారని, కలిపాక ‘అదనపు’ సిబ్బందిని తగ్గిస్తారని మాట పుట్టి చాలాకాలమైంది. యాజమాన్యం అవుననలేదు, కాదనలేదు. ఇంతవరకు ఒక్కరి ఉద్యోగం కూడా పోలేదు. కానీ మనుషులు మారిపోయారు. నేను అడగదలచుకున్నది ఆ మార్పు గురించే.

మాది నాణ్యత పరీక్షల విభాగం. రకరకాల భాషలవాళ్లం, వయసులవాళ్లం, ఆడవాళ్లూ మగవాళ్లూ, పర్మినెంటు వాళ్లూ కాంట్రాక్టు వాళ్లూ అందరం కలిసే పనిచేస్తాం. షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్లు ఎక్కేవాళ్ల కోసం రిజిస్టరులో రాసి వెళ్లాలి. ఇదివరకు ఆ రాతలు నిండుగా ఉండేవి. ‘నాలుగో యంత్రం వేడెక్కాక రీడింగు ఎక్కువ చూపుతోంది, మొదటి కొలత నమ్మకండి, కాసేపు ఆగి మళ్లీ కొలవండి’ అని వివరంగా రాసేవారు. ఇప్పుడు అదే పేజీలో ‘అంతా సవ్యం’ అన్న రెండు మాటలు, కింద సంతకం. నాలుగో యంత్రం బాగుపడిందా అంటే లేదు. దాని సంగతి తెలిసినవాళ్లు తమవాళ్లకు మాత్రం ఫోను చేసి చెబుతున్నారు. తమవాళ్లంటే ఎవరు? తమ భాషవాళ్లు, తమతోపాటు చేరినవాళ్లు, తమలాగే పర్మినెంటు అయినవాళ్లు. మిగిలినవాళ్లు తప్పుడు కొలత ఇచ్చి మాట పడుతున్నారు.

వీళ్లంతా నిన్నమొన్నటిదాకా ఒకరి సెలవు రోజున ఇంకొకరు అడగకుండానే పని అందుకున్నవాళ్లు. ఇన్నాళ్లూ అడ్డురాని తేడాలు ఇప్పుడే ఎందుకు అడ్డొస్తున్నాయి? ఇది మా ఒక్కచోటేనా, అంతటా ఇంతేనా? చదివినవాళ్లు, అనుభవించినవాళ్లు చెప్పండి.

రాత్రిడ్యూటీ

మీ ఒక్కచోటే కాదండీ. నేను ఆసుపత్రిలో నర్సును. రెండు వార్డులను ఒకటి చేస్తారన్న మాట వచ్చినప్పుడు మా దగ్గర అన్నిటికన్నా ముందు ఆగిపోయింది ప్రశ్నలు అడగడం. కొత్తగా చేరిన ఒక అమ్మాయి, మా భాష ఇంకా పూర్తిగా పట్టుబడనిది, మందు మోతాదు మీద అనుమానం వస్తే వెంటనే వచ్చి అడిగేది. ఆ మాట పుట్టాక అడగడం మానేసింది. చీటీని తనలో తనే మళ్లీ మళ్లీ చదువుకునేది. అడిగితే ‘ఈమెకు పని రాదు’ అని ఎక్కడ ముద్ర వేస్తారోనని ఆమె భయం. ఆ భయం వల్ల నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, మంచం మీద ఉన్న రోగి కూడా.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. మొదట ఇది అర్థంకాని విషయంగా కనిపించింది. తీరా చూస్తే ఆ బృందాలవాళ్లు పొరపాట్లను దాచకుండా బయటికి చెబుతున్నారు. నోరు విప్పినందుకు తనను తక్కువ చేయరన్న భరోసా ఉన్న జట్టే నేర్చుకుంటుందని 1999లో ఆమె ప్రచురించిన పరిశోధన చెబుతుంది. ఉద్యోగం మీద భయం పట్టుకున్న చోట ఆ భరోసా అందరికీ తగ్గుతుంది. కానీ అందరికీ సమానంగా తగ్గదు. కొత్తవాళ్లకు, భాష రానివాళ్లకు, గుంపులో ఒంటరిగా ఉన్నవాళ్లకు ముందు పోతుంది.

మనోవీక్షణ

నేను సంస్థాగత మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. ఈ అంశం మీద చాలాకాలంగా పని చేస్తున్నాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఉద్యోగ అభద్రత గురించి. 1984లో గ్రీన్‌హాల్ష్, రోసెన్‌బ్లాట్ అనే ఇద్దరు దీనికి ఇచ్చిన నిర్వచనాన్నే ఇప్పటికీ చాలామంది ఆధారం చేసుకుంటారు. ఉద్యోగానికి ముప్పు ఉందని తెలుస్తూ, దాన్ని నిలుపుకోవడానికి తన చేతుల్లో ఏమీ లేదని మనిషికి అనిపించడమే అభద్రత అని వాళ్లన్నారు. ఇందులో ‘చేతుల్లో ఏమీ లేదు’ అన్న భాగం కీలకం. ముప్పు ఎంత పెద్దదన్నది ఒక ఎత్తు, దాని మీద మనకు పట్టు లేకపోవడం ఇంకో ఎత్తు. తరువాతి పరిశోధకులు దీన్ని రెండు రకాలుగా విడదీశారు. ఉద్యోగమే పోతుందేమోనన్న భయం ఒకటి. ఉద్యోగం ఉన్నా అందులోని మంచి పని, ఎదుగుదల, జీతం పెంపు పోతాయేమోనన్న భయం రెండోది. రెండోదాన్ని చాలామంది భయంగానే గుర్తించరు. చిరాకు అనుకుంటారు.

ఉద్యోగం పోకముందే దెబ్బ తగులుతుందని గట్టిగా చూపిన అధ్యయనం ఒకటుంది. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యం మీద సాగిన వైట్‌హాల్ 2 అధ్యయనం జరుగుతుండగానే అందులోని ఒక శాఖను ప్రైవేటుపరం చేయబోతున్నారని తెలిసింది. పరిశోధకుల దగ్గర అంతకుముందటి ఆరోగ్య వివరాలు ఉన్నాయి కాబట్టి పోల్చి చూడగలిగారు. ఇంకా ఎవరి ఉద్యోగమూ పోని, కేవలం ఎదురుచూసే దశలోనే ఆ శాఖలోని పురుషులు తమ ఆరోగ్యం క్షీణించిందని మిగతా శాఖలవారికన్నా ఎక్కువగా చెప్పారు. 1995లో ఇది ప్రచురితమైంది. అమెరికాలో 2009లో వచ్చిన మరో పరిశోధనలో, మధ్యలో నిజంగా ఉద్యోగం పోవడం వల్ల కలిగిన నష్టాన్ని లెక్కలోంచి తీసేసినా, అభద్రతతో గడిపినవారి ఆరోగ్యం దెబ్బతిన్నట్టు తేలింది.

ఇక మీ అసలు ప్రశ్న. తేడాలు ఇప్పుడే ఎందుకు అడ్డొస్తున్నాయి?

ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక వేసవి శిబిరంలో 22 మంది పిల్లల మీద చేసిన ప్రయోగం ప్రసిద్ధం. పదకొండేళ్ల మగపిల్లలను రెండు జట్లుగా చేసి, గెలిచిన జట్టుకే బహుమతి దక్కే పోటీలు పెట్టారు. త్వరలోనే తిట్లు, జెండాలు కాల్చడం, ఒకరి గదుల మీద ఒకరు దాడి చేయడం దాకా వెళ్లింది. చాలామంది మరిచిపోయే విషయం ఏమిటంటే, ఆ పిల్లలను కావాలనే ఒకే నేపథ్యం నుంచి ఎంచుకున్నారు. ఒకే తరగతి కుటుంబాలు, ఒకే మతశాఖ, ఒకే వయసు. వాళ్లమధ్య వైవిధ్యం లేనే లేదు. అయినా కొట్టుకున్నారు. ‘నువ్వు గెలిస్తే నేను పోయినట్టే’ అన్న ఏర్పాటే చీలికకు సరిపోయింది.

అంటే మీ రిజిస్టరు పలచబడటానికి కారణం మీలో ఉన్న వైవిధ్యం కాదు. కొన్ని కుర్చీలు పోతాయి, ఎవరివో చెప్పం అన్న పరిస్థితి. అలాంటప్పుడు మనిషి ‘నా పక్షం ఎవరు’ అని వెతుక్కుంటాడు. వెతుక్కునేటప్పుడు కంటికి ముందు ఆనేది భాష, వయసు, లింగం, పుట్టుక. జట్టులో వైవిధ్యం లేకపోతే ఇంకేదో గీత గీసుకునేవారు.

సూటిమాట

అందరూ దాటవేస్తున్న మాట ఒకటి నేను చెబుతాను. కోపగించుకోకండి.

మా సంస్థలో వైవిధ్యం పేరిట నియామకాలు పెంచారు. అదే సమయంలో మాలాంటివాళ్ల పదోన్నతులు ఆపేశారు. రెండూ ఒకే సమావేశంలో, ఒకే నోటితో ప్రకటించారు. పెద్ద తెర మీద నవ్వుతున్న రకరకాల ముఖాల బొమ్మ, ఆ తరువాతి బొమ్మలో ‘ఖర్చుల క్రమబద్ధీకరణ’. ఆ గదిలో కూర్చున్న నాలాంటివాడికి ఏమనిపిస్తుంది? నా చోటు వాళ్లకిస్తున్నారనే కదా. నాకు ఎవరి మీదా ద్వేషం లేదు. నా పక్కన కూర్చునే కొత్త అమ్మాయికి నేనే పని నేర్పాను. కానీ నా భయాన్ని వివక్ష అని తేల్చేస్తే నేను ఇంక మాట్లాడను. నాలాంటివాళ్లు చాలామంది మాట్లాడటం మానేశారు కూడా.

కాంట్రాక్టు బ్యాడ్జీ

సూటిమాట గారూ, మీ భయం నిజమే. దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. కానీ దాన్ని ఇటువైపు నుంచి కూడా ఒకసారి చూడండి.

నేను కాంట్రాక్టు మీద పనిచేస్తాను. మా దగ్గర పర్మినెంటు వాళ్ల బ్యాడ్జీ తాడు నీలం, మాది నారింజ రంగు. దూరం నుంచే ఎవరెవరో తెలిసిపోతుంది. సంస్థ ఏటా వైవిధ్యం మీద నివేదిక వేస్తుంది. అందులో మా లెక్క ఉండదు, ఎందుకంటే మేం ‘సంస్థ ఉద్యోగులం’ కాము. పని మాత్రం పక్కపక్కనే, అదే యంత్రం మీద. మా నారింజ తాళ్లవాళ్లలో చాలామంది ఆడవాళ్లు, వేరే భాషలవాళ్లు. సంస్థలో వైవిధ్యం మాదగ్గర ఉంది, భద్రత మీదగ్గర ఉంది. కోత వస్తే ముందు తెగేది మా తాడే. మాకు నోటీసు కూడా అక్కర్లేదు, కాంట్రాక్టు పొడిగించకపోతే సరిపోతుంది. అప్పుడు నివేదికలో అంకె ఒక్కటి కూడా మారదు.

మీ చోటు మేం తీసుకోలేదండీ. మాకు చోటే లేదు.

సూటిమాట

మీరు చెప్పినది నాకు తెలియదు. నివేదికలో కాంట్రాక్టు వాళ్లు లేరన్న సంగతి నిజంగా ఎప్పుడూ ఆలోచించలేదు. మా దగ్గర ఎలా లెక్కిస్తారో అడిగి చూస్తాను.

అయినా నా ప్రశ్న నాకు మిగిలే ఉంది. రెండింటినీ ఒకే సమావేశంలో ప్రకటించమని యాజమాన్యానికి ఎవరు చెప్పారు?

మనోవీక్షణ

సూటిమాట గారి చివరి ప్రశ్న చాలా విలువైనది. కొత్తవాళ్ల రాకను, పాతవాళ్ల నష్టాన్ని ఒకే వేదిక మీద పక్కపక్కన చూపితే, ఆ రెంటికీ సంబంధం లేకపోయినా చూసేవాళ్ల మనసు ముడి వేస్తుంది. ఆ ముడిని యాజమాన్యమే వేసింది. దాన్ని మోసేది మాత్రం కొత్తగా వచ్చినవాళ్లు.

కాంట్రాక్టు బ్యాడ్జీ గారు చెప్పినదానికి పరిశోధనలో ఒక పేరుంది, ‘పగులు రేఖ’ అనవచ్చు. డోరా లావ్, కీత్ మర్నిగన్ 1998లో ఈ ఆలోచన ముందుకు తెచ్చారు. జట్టులో ఎన్ని తేడాలున్నాయన్నది అంత ముఖ్యం కాదు, ఆ తేడాలు ఒకదానిమీద ఒకటి ఎలా పేరుకున్నాయన్నది ముఖ్యం అని వాళ్ల వాదన. ఉదాహరణకు ఒక జట్టులో పెద్దవయసువాళ్లంతా మగవాళ్లు, వాళ్లే పర్మినెంటు, వాళ్లందరిదీ ఒకే భాష అనుకోండి. చిన్నవాళ్లంతా ఆడవాళ్లు, వాళ్లే కాంట్రాక్టు, వాళ్లది వేరే భాష. నాలుగు తేడాలూ ఒకే గీత మీద పడ్డాయి. ఆ జట్టు ఆ గీత వెంబడే పగులుతుంది. అదే తేడాలు అడ్డదిడ్డంగా కలిసి ఉంటే, అంటే పెద్దవాళ్లలోనూ ఆడవాళ్లు, కాంట్రాక్టులోనూ అనుభవజ్ఞులు, రెండు భాషలవాళ్లూ రెండు వైపులా ఉంటే, ఎవరికి ఎవరు పరాయో తేల్చుకోవడమే కష్టం. చీలిక అంత సులువుగా రాదు.

మూడోషిఫ్టు గారూ, మీ విభాగంలో పర్మినెంటు, కాంట్రాక్టు గీతా భాషల గీతా ఒకటేనా?

మూడోషిఫ్టు

దాదాపు ఒకటే. ఇప్పటిదాకా అలా చూడలేదు. పర్మినెంటు పద్ధతి ఉన్న రోజుల్లో చేరినవాళ్లు ఒక భాషవాళ్లు. నియామకాలు ఆగి కాంట్రాక్టు మొదలయ్యాక వచ్చినవాళ్లు ఎక్కువగా వేరే భాషవాళ్లు. ఎవరూ కావాలని చేసింది కాదు. కాలక్రమంలో అలా పడిపోయింది.

సంజ్ఞ

నాకు వినబడదు. పెదవుల కదలిక చూసి కొంత, రాతలో మిగతాది అర్థం చేసుకుంటాను. ఈ చర్చలో ఇంతవరకు రాని విషయం ఒకటి చెప్పాలి.

మా జట్టు మంచిది. సమావేశాల్లో ఎవరో ఒకరు నాకోసం తెర మీద మాటలు టైపు చేసేవారు. నిర్ణయాలన్నీ సందేశాల్లో రాసేవారు. అది నాకు మాత్రమే కాదు, భాష అంతగా రానివాళ్లకూ, ఆ రోజు సెలవులో ఉన్నవాళ్లకూ పనికొచ్చేది. కోత మాట వచ్చాక ముఖ్యమైన సంభాషణలన్నీ రాతలోంచి నోటిమాటలోకి వెళ్లిపోయాయి. రాస్తే ఆధారంగా మిగులుతుందని భయం. నడవాలో, మెట్ల దగ్గర, గొంతు తగ్గించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటారు. నోటికి చెయ్యి అడ్డం పెడితే నాకు ఏమీ మిగలదు.

ఒకరోజు నేను గదిలోకి వెళ్లేసరికి అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. ఎవరూ ఏమీ రాయలేదు. పక్కనున్నామె కాగితం మీద ‘తరువాత చెబుతాను’ అని రాసింది. ఆ రోజంతా నా ఉద్యోగమే పోయిందనుకున్నాను. సాయంత్రం తెలిసింది, అది వేరే అంతస్తులోని బృందం గురించి.

వదంతులకు కూడా వినికిడి కావాలి, భాష కావాలి, మెట్ల దగ్గర నిలబడే చనువు కావాలి. అవి లేనివాళ్లకు సమాచారం ఆలస్యంగా, ముక్కలుగా, ఎక్కువ భయంతో చేరుతుంది. అందరికీ ఒకే అభద్రత ఉందని అనుకోకండి.

రాత్రిడ్యూటీ

సంజ్ఞ గారూ, ఇది చదివాక కాసేపు ఏమీ తోచలేదు. మా వార్డులోని ఆ కొత్త అమ్మాయి విషయంలో కూడా ఇదే జరిగిందని ఇప్పుడు అర్థమవుతోంది. మేం మా భాషలో గబగబా మాట్లాడుకునేవాళ్లం. ఆమె వచ్చేసరికి ఆపేసేవాళ్లం, భయపెట్టకూడదని. ఆమెకు మాత్రం అది తనను గురించే అనిపించి ఉంటుంది.

హెచ్‌ఆర్ గది నుంచి

నేను సిబ్బంది వ్యవహారాల్లో పనిచేస్తాను. జాబితాలు ఎలా తయారవుతాయో లోపలి నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

పైనుంచి ఒక అంకె వస్తుంది. ఆ అంకెను విభాగాలకు పంచుతారు. విభాగాధిపతులకు ఒక పట్టిక ఇస్తారు. పట్టికలో పేరు, పని, చేరిన తేదీ, గత పనితీరు మదింపులు ఉంటాయి, చివర ‘కీలక నైపుణ్యం ఉందా’ అన్న గడి ఉంటుంది. ‘కీలకం’ అంటే ఏమిటో చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు. గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి అధిపతి తనకు బాగా తెలిసినవాళ్లకు ‘ఉంది’ అని పెడతాడు. బాగా తెలిసినవాళ్లెవరు? తనతో కలిసి టీ తాగేవాళ్లు, తన భాషలో మాట్లాడేవాళ్లు, సాయంత్రం ఆలస్యంగా ఉండగలిగినవాళ్లు. చంటిపిల్లల తల్లి ఆ గడిలో ఓడిపోతుంది. ఇందులో దుర్బుద్ధి ఉండనక్కర్లేదు. నేను చూసిన అధిపతుల్లో చాలామంది రాత్రులు నిద్రపోకుండా ఆ పట్టిక నింపారు. అయినా ఫలితం అదే.

అలెగ్జాండ్రా కలెవ్ అనే సామాజికశాస్త్రవేత్త 2014లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. 1971 నుంచి 2002 దాకా సిబ్బందిని తగ్గించిన 327 అమెరికన్ సంస్థల వివరాలు ఆమె పరిశీలించారు. సిబ్బంది తగ్గింపు తరువాత నిర్వాహక స్థానాల్లో వైవిధ్యం తగ్గింది. పదవిని బట్టి, లేదా చేరిన కాలాన్ని బట్టి కోసిన చోట్ల మరింత తగ్గింది. ఒక్కొక్కరి పనితీరును విడివిడిగా చూసి నిర్ణయించిన చోట్ల నష్టం తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. మహిళలు, అల్పసంఖ్యాకులు చాలాచోట్ల ఆలస్యంగా చేరారు, అందులోనూ ‘అవసరం తక్కువ’ అనిపించే పదవుల్లోకి ఎక్కువగా చేరారు.

పాత రిజిస్టరు

హెచ్‌ఆర్ గారు చెప్పిన అధ్యయనాన్ని గౌరవిస్తూనే, నేను దీనికి ఎదురు చెబుతాను. పదవీ విరమణకు దగ్గరపడినవాడిని. ఉద్యోగసంఘంలో చాలాకాలం పనిచేశాను.

‘చివర చేరినవారు ముందు వెళ్లాలి’ అన్న నియమం ఊరికే పుట్టలేదు. అధికారికి నచ్చనివాడిని, సంఘంలో గొంతెత్తినవాడిని, జబ్బుపడ్డవాడిని, వయసు మీదపడి జీతం పెరిగినవాడిని ఏరి పంపేయకుండా ఆపడానికి పుట్టింది. చేరిన తేదీని ఎవరూ దిద్దలేరు. మదింపును దిద్దవచ్చు. పనితీరు చూసి తీసేస్తామన్న చోట, కోతకు ముందు ఏడాది మదింపులు ఎలా హఠాత్తుగా పడిపోతాయో నేను కళ్లారా చూశాను. అందులో పడిపోయినవి ఎక్కువగా వయసు పైబడినవాళ్లవి. వయసు కూడా వైవిధ్యమే కదా? ఆ మాట ఎవరూ అనరు. యాభై దాటినవాడికి బయట మళ్లీ ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

కాబట్టి ఒకరికి న్యాయం చేసే నియమం ఇంకొకరి మెడ మీదికి రాకుండా చూడాలి. తేదీని పూర్తిగా పక్కన పెట్టమంటే నేను ఒప్పుకోను.

హెచ్‌ఆర్ గది నుంచి

పాత రిజిస్టరు గారూ, మీరన్నది నిజం. మదింపులు పక్షపాతం లేనివని నేను అనను. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా ఉంది. వివక్ష జరిగితే జవాబు చెప్పాల్సివస్తుందన్న ఒత్తిడి సంస్థ లోపల ఉన్న చోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. నియమం తేదీయా పనితీరా అన్నది సగం సంగతి. జాబితాను ఇంకొకరు తీసుకుని ‘ఇందులో ఆడవాళ్లు ఎందుకు ఎక్కువ, యాభై దాటినవాళ్లు ఎందుకు ఎక్కువ, కారణం రాసి చూపండి’ అని అడుగుతారా లేదా అన్నది మిగతా సగం. నేను చూసినంతలో, ఆ ప్రశ్న పడుతుందని ముందే తెలిస్తే ‘కీలకం’ గడి నింపే చెయ్యి నిదానిస్తుంది.

మనోవీక్షణ

దీనికి ఊతమిచ్చే పరిశోధన ఇంకొకటి కూడా ఉంది. కలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ కలిసి 2006లో 708 ప్రైవేటు సంస్థల వివరాలతో ప్రచురించినది. వైవిధ్యం మీద శిక్షణ తరగతులు పెట్టడం వల్ల నిర్వాహక స్థానాల్లో పెద్ద మార్పు రాలేదు. ఎవరో ఒకరికి బాధ్యత అప్పగించి, జవాబు అడిగిన సంస్థల్లో మార్పు ఎక్కువగా వచ్చింది. గోడమీద బొమ్మలు, ఒకపూట ఉపన్యాసాలు చాలవు.

ఒంటరితనం గురించి రాత్రిడ్యూటీ గారు, సంజ్ఞ గారు చెప్పినవాటికి ఒక మాట చేర్చాలి. రోజబెత్ మాస్ కాంటర్ 1977లో ఒక పెద్ద సంస్థలోని మహిళల స్థితిని అధ్యయనం చేసి, ఒక వర్గం వందకు పదిహేను లోపు ఉన్నప్పుడు ఆ కొద్దిమందికి ఏమవుతుందో వివరించారు. వాళ్ల మీద అందరి కళ్లూ ఉంటాయి. వాళ్ల పొరపాటు వాళ్లది కాకుండా ఆ వర్గమంతటిదీ అవుతుంది. మామూలు రోజుల్లోనే ఇంత ఒత్తిడి. ‘ఎవరో కొందరు పోవాలి’ అన్న మాట పుట్టిన తరువాత అది ఏ స్థాయికి వెళుతుందో మీరే ఊహించండి. అనుమానం వచ్చినా అడగరు, జ్వరం వచ్చినా సెలవు పెట్టరు, అన్యాయం జరిగినా ఫిర్యాదు చేయరు. బయటినుంచి చూసేవాళ్లకు ‘ఈ మధ్య ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు, అంతా బాగుంది’ అనిపిస్తుంది.

ఇంకొకటి. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1954లో, వేర్వేరు వర్గాలు దగ్గరైతే ద్వేషం తగ్గాలంటే నాలుగు షరతులుండాలన్నాడు: సమాన హోదా, ఒకే లక్ష్యం, పరస్పర సహకారం, పైవాళ్ల అండ. మంచి జట్టులో ఈ నాలుగూ దాదాపు ఉంటాయి. అందుకే మూడోషిఫ్టు గారి జట్టు ఇన్నాళ్లు బాగుంది. ఉద్యోగాల ముప్పు నాలుగింటినీ ఒకేసారి కదిలిస్తుంది. కొందరి ఉద్యోగం గట్టిది, కొందరిది బలహీనం కాబట్టి హోదా సమానం కాదు. లక్ష్యం ఒకటి కాదు, ఎవరి కుర్చీ వారిది. సహకరిస్తే నష్టపోతానన్న అనుమానం. పైవాళ్లు మౌనం. నాలుగోదాన్ని వెనక్కి తెస్తే మిగతా మూడింటికి ఊపిరి వస్తుందని నా నమ్మకం. షెరీఫ్ ప్రయోగంలో కూడా పిల్లల గొడవ తగ్గింది ఉపదేశాలతో కాదు. శిబిరానికి నీళ్లు రావడం ఆగిపోయినప్పుడు, బండి మొరాయించినప్పుడు రెండు జట్లూ కలిస్తేగానీ పని జరగని పరిస్థితి కల్పించారు. అలా కలిసి చేసిన పనులతో తగ్గింది.

సూటిమాట

అంటే మేమందరం కలిసి చేయాల్సిన పని ఒకటి కావాలి. అది యాజమాన్యాన్ని అడగడమే ఎందుకు కాకూడదు? నాకూ మా కొత్త అమ్మాయికీ, నారింజ తాడువాళ్లకూ కావలసింది ఒకటే: ఎంతమంది, ఎప్పుడు, ఏ ప్రాతిపదిక మీద.

పాత రిజిస్టరు

సరిగ్గా అన్నావు నాయనా. దీనికి అంతర్జాతీయంగా ఆధారం కూడా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982 నాటి 158వ ఒప్పందం ప్రకారం, ఆర్థిక కారణాలతో ఉద్యోగులను తగ్గించాలనుకున్న యజమాని కారణాలు, సంఖ్య, ఏ రకం ఉద్యోగులు, ఎంత కాలంలో అన్నవి కార్మిక ప్రతినిధులకు సకాలంలో తెలపాలి. నష్టం తగ్గించే మార్గాల మీద సంప్రదించాలి. లింగం, మతం, జాతి, గర్భం, కుటుంబ బాధ్యతలు, సామాజిక మూలం వంటివి తొలగింపుకు కారణం కాకూడదని కూడా అందులోనే ఉంది. దానితోపాటు వచ్చిన 166వ సిఫారసు, ఎంపిక ప్రమాణాలు వీలైనంతవరకు ముందుగానే నిర్ణయించాలంటుంది. 158ని ఆమోదించిన దేశాలు తక్కువే. కానీ వివక్షను నిషేధించే 1958 నాటి 111వ ఒప్పందాన్ని అత్యధిక దేశాలు ఆమోదించాయి. మీ దేశం ఏది ఆమోదించిందో, మీ చట్టం ఏమంటుందో చూసుకుని ఉత్తరం రాయండి. చట్టం బలంగా లేకపోయినా అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడోషిఫ్టు

ఇవన్నీ చదివాక నలుగురితో మాట్లాడాను. రెండు భాషలవాళ్లతోనూ. ఉత్తరం రాయడానికి ఒప్పుకున్నారు. భయపడుతున్నవాళ్లూ ఉన్నారు, ముందు సంతకం చేసినవాడి పేరే జాబితాలో ముందు ఉంటుందని. ఉత్తరంలో మూడు అడగాలనుకుంటున్నాం: విలీనం నిజమా కాదా, నిజమైతే ఎంపిక ప్రమాణాలు ఏమిటి, ఆ ప్రమాణాలను ఎవరు తనిఖీ చేస్తారు. ఇంకేమైనా చేర్చాలా?

సంజ్ఞ

జవాబు రాతపూర్వకంగా, అందరికీ ఒకే సమయంలో, అందరికీ అర్థమయ్యే భాషల్లో ఇవ్వమని అడగండి. సమావేశం పెట్టి నోటితో చెబితే మళ్లీ మేం మెట్ల దగ్గరికి వెళ్లాల్సివస్తుంది.

కాంట్రాక్టు బ్యాడ్జీ

‘ఉద్యోగులు’ అని రాసే చోట ‘పర్మినెంటు, కాంట్రాక్టు ఉద్యోగులు’ అని విడమరచి రాయండి. లేకపోతే జవాబు మీ ఒక్కరికే వస్తుంది.

హెచ్‌ఆర్ గది నుంచి

గర్భిణులు, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లు, వైద్య సెలవులో ఉన్నవాళ్ల మదింపును ఎలా లెక్కిస్తారో కూడా అడగండి. అడగకపోతే సెలవు కాలాన్ని ‘పనితీరు లేని కాలం’గా చూసే చోట్లు ఉన్నాయి. జవాబుకు ఒక తేదీ పెట్టండి. నాలాంటివాళ్ల బల్ల మీద తేదీ లేని ఉత్తరం కదలదు.

పాత రిజిస్టరు

సంతకాల సంగతి. పేర్లను ఒకదాని కింద ఒకటి వరసగా రాయకండి. కాగితం మధ్యలో వలయంగా సంతకాలు చేయండి, ఎవరు మొదలో తెలియదు. విరమణకు దగ్గరపడినవాళ్లు మీ విభాగంలో ఎవరైనా ఉంటే ఉత్తరం అందజేసే పని వాళ్లకు అప్పగించండి. పోగొట్టుకునేది వాళ్లకు తక్కువ.

మూడోషిఫ్టు

అలాగే చేస్తాం. చిత్తుప్రతి ఇవాళ రాత్రి రెండు భాషల్లో రాస్తున్నాం. మా జట్టులో మా భాష బాగా రాయగలిగిన ఒక కాంట్రాక్టు అమ్మాయి ఉంది, రెండో ప్రతి ఆమే రాస్తోంది. రేపు ఇక్కడ పెడతాను, తప్పులుంటే చెప్పండి.